నిల్వ లేని జీవం: కణశ్వాస, ఆకలి, కరువు సీమ

(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు జయంతి సందర్భంగా కర్నూలులో చేసిన స్మారకోపన్యాస పాఠం)



 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని గోదావరి సీమ తన బిడ్డగా చెప్పుకోవడం సహజం. తుంగభద్రా హంద్రీ నదులు కలిసే ఈ ఊరిలో, కరువును తరతరాలుగా చూసిన ఈ నేల మీద ఆయనను స్మరించుకోవడానికి కూడా ఒక బలమైన కారణం ఉందని నేను నమ్ముతున్నాను. ఆ కారణమే నేటి నా ఉపన్యాస విషయం.

సుబ్బారావు గారి పేరు వినగానే మనకు మందులు గుర్తుకు వస్తాయి. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్, రక్తహీనతకిచ్చే ఫోలిక్ ఆమ్లం, పసిపిల్లల ల్యుకేమియాను తొలిసారి వెనక్కి నెట్టిన అమినాప్టెరిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ ఆయన నడిపిన ప్రయోగశాల నుంచి లోకానికి అందాయి. వీటన్నిటికీ ముందు, ముప్పై ఏళ్లు దాటిన తొలి రోజుల్లోనే, ఆయన పాలుపంచుకున్న మరో ఆవిష్కరణ ఉంది. అది ఏ సీసాలోనూ దొరకదు. మనం తిన్న ముద్దలోని శక్తి చివరికి ఏ రూపంలో కణానికి పనికి వస్తుందో, ఆ రూపాన్ని మొట్టమొదట వేరుచేసి చూపిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆ పదార్థమే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దాన్ని మనం ఏటీపీ అంటున్నాం.

ఈ సాయంత్రం నేను నిలబెట్టదలచిన ప్రతిపాదన ఒక్కటే. జీవకణం శక్తిని కూడబెట్టుకొని బతకదు. క్షణక్షణం కొత్తగా తయారుచేసుకొని బతుకుతుంది. శరీరానికి కొన్ని వారాల నిల్వ ఉంది. కణానికి కొన్ని సెకన్ల నిల్వే ఉంది. ఆహారం తెగకుండా అందితేనే ఆ నిరంతర క్రియ సాగుతుంది. అందువల్ల ఆహారాన్ని తెగకుండా అందించే ఏర్పాటు కరువు సీమలో పాలకుల దయకు వదిలేసే విషయంగా ఉండకూడదు. అది ప్రాణి నిర్మాణమే మన మీద పెట్టిన బాధ్యత.

గింజ కూడా ఊపిరి తీస్తుంది

శ్వాస అనగానే ముక్కు, ఛాతీ, ఊపిరితిత్తులు మనసులోకి వస్తాయి. అవి గాలి రాకపోకల దారులు మాత్రమే. అసలు శ్వాస జరిగే చోటు కణం. ఊపిరితిత్తులు లేని చెట్టు, రక్తం లేని బూజు, కదలిక లేని గింజ కూడా శ్వాసిస్తాయి. ఈ సంగతిని ఈ ప్రాంతపు రైతు ఏ పుస్తకమూ చదవకుండానే అనుభవంతో గ్రహించాడు.

నల్లరేగడి పల్లెల్లో జొన్నలను పాతరల్లో దాచేవారు. లోతుగా గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, బాగా ఎండిన గింజలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి మట్టితో మూసేసేవారు. మూతపడిన పాతరలో జొన్నలు ఊపిరి తీస్తాయి, వాటితోపాటు లోపల చిక్కిన పురుగులూ ఊపిరి తీస్తాయి. కొద్దికాలానికే ఆక్సిజన్ తగ్గిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. పురుగు చస్తుంది. పొడిగింజ మాత్రం తన శ్వాసను మందగింపజేసుకొని నిద్రాణంగా మిగులుతుంది. పాతర తెరిచిన రోజున పెద్దలు ఎవరినీ వెంటనే దిగనిచ్చేవారు కాదు. గాలి ఆడనిచ్చి, దీపం దించి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు. దీపానికీ మనిషికీ కావలసింది ఒకే వాయువని, ఆ వాయువును లోపలి గింజలూ పురుగులూ వాడేశాయని ఆ జాగ్రత్త చెబుతోంది.

సరిగా ఎండని గింజలను రాశిపోస్తే లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. తేమ తగిలిన గింజలోనూ దాన్ని పట్టిన బూజులోనూ శ్వాస వేగం పెరగడం వల్ల వచ్చే వేడి అది. ఆ వేడి రూపంలో పోయిందంతా ఒకప్పుడు మన కంచంలోకి రావలసిన ఆహారమే. శ్వాసక్రియ ఆహారాన్ని ఖర్చుచేసి శక్తినిస్తుంది. ఆ శక్తి ఎవరికి ఉపయోగపడిందన్నదే తేడా.

మంట నుంచి కణం దాకా

ఐరోపాలో ఈ ప్రశ్నను కొలతల దాకా తీసుకుపోయినవారు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజియే. 1782-83 చలికాలంలో గణితవేత్త లాప్లాస్‌తో కలిసి ఆయన ఒక గినీపందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత బొగ్గుపులుసు వాయువు విడిచిందో కొలిచారు. అంతే వాయువునిచ్చేలా బొగ్గును కాలిస్తే కరిగే మంచుతో పోల్చి చూశారు. రెండు లెక్కలూ దగ్గరగా వచ్చాయి. శ్వాస అంటే నెమ్మదిగా జరిగే దహనమే అన్న నిర్ణయానికి ఆయన వచ్చారు. ఫ్రెంచి విప్లవ కాలంలో 1794లో గిలెటిన్ కింద ఆయన తల తెగింది. ఆయన వేసిన పునాది మాత్రం నిలిచింది.

నిలిచిన ఆ పునాది మీదే పెద్ద చిక్కు ఎదురైంది. కట్టె కాలాలంటే వందల డిగ్రీల వేడి కావాలి. మన ఒళ్లు 37 డిగ్రీల దగ్గర, నీటితో నిండి ఉంటుంది. అక్కడ చక్కెర ఎలా కాలుతుంది? కాలినా, ఆ శక్తి ఒక్క ఉదుటున వేడిగా మారిపోకుండా కండరం ముడుచుకోవడానికి, నాడి స్పందించడానికి, గుండె కొట్టుకోవడానికి ఎలా ఉపయోగపడుతుంది? పందొమ్మిదో శతాబ్దం ఈ ప్రశ్నతో సతమతమైంది. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బూక్నర్ ఈస్టును నూరి, పిండి, జీవకణాలేవీ లేని రసంలో కూడా చక్కెర పులిసి సారాయిగా మారడాన్ని చూపించారు. ప్రాణశక్తి అనే మర్మం అక్కరలేదు, ఎంజైములు చాలు అని దాంతో తేలింది. మరికొన్నేళ్లకు ఇంగ్లండులో హార్డెన్, యంగ్‌లు ఆ రసానికి ఫాస్ఫేటు కలిపితే పులియడం వేగం పుంజుకుంటుందని గమనించారు. చక్కెర కథలోకి భాస్వరం అలా ప్రవేశించింది. ఎందుకు ప్రవేశించిందో అప్పటికి ఎవరికీ అంతుబట్టలేదు.

భాస్వరాన్ని కొలిచిన తెలుగువాడు

ఆ అంతుబట్టని చోటికే సుబ్బారావు గారు చేరుకున్నారు. ఆ దారి సులువైనది కాదు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీజీ పిలుపందుకొని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. పూర్తి ఎంబీబీఎస్ పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్‌తో బయటికి రావలసి వచ్చింది. అన్నదమ్ములిద్దరిని కొద్ది రోజుల వ్యవధిలోనే స్ప్రూ వ్యాధి బలిగొంది. స్ప్రూలో రోగి తింటాడు. పేగు ఆ ఆహారాన్ని రక్తంలోకి పీల్చుకోలేదు. కంచంలో అన్నం ఉండి, కడుపులో అన్నం ఉండి, కణం మాత్రం పస్తుండే వ్యాధి అది. ఆహారానికీ కణానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆయన తన ఇంట్లోనే చూశారు.

మామగారి సహాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతో ఆయన అమెరికా చేరి, హార్వర్డులో ఉష్ణమండల వైద్యం చదివారు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. ఆ తరువాత సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో జీవరసాయన పరిశోధనకు కూర్చున్నారు. ఆయన ముందున్న మొదటి పని చూడ్డానికి చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంతుందో కచ్చితంగా కొలిచే పద్ధతి కావాలి. 1925లో ఫిస్కే, సుబ్బారావు ఆ పద్ధతిని ప్రకటించారు. ఫాస్ఫేటు ఆమ్లంలో మాలిబ్డేటుతో కలుస్తుంది. దానికి ఒక క్షయకరణ పదార్థాన్ని చేర్చితే నీలిరంగు వస్తుంది. ఎంత నీలం వస్తే అంత ఫాస్ఫేటు. లోకంలోని జీవరసాయన ప్రయోగశాలలన్నిటా దశాబ్దాల పాటు వాడిన పద్ధతి ఇదే.

ఆ నీలిరంగే ఒక రహస్యాన్ని బయటపెట్టింది. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు వెంటనే పూర్తిగా రాలేదు. ఆగి ఆగి, నెమ్మదిగా చిక్కబడింది. అంటే అందులో విడిగా ఉన్న ఫాస్ఫేటు కొంతే. మిగిలింది మరేదో పదార్థానికి అతుక్కొని ఉండి, పరీక్ష చేస్తుండగా ఊడి వస్తోంది. ఇంకొకరైతే పరీక్షలో లోపం అనుకొని వదిలేసేవారు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యం వెంటపడ్డారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా ఆ పదార్థపు జాడ పట్టారు. 1929లో అదే తోవలో నడిచిన ఫిస్కే, సుబ్బారావులకు కండరంలోనే ఏటీపీ దొరికింది. ఆ ఏడాదే జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా అదే పదార్థాన్ని వేరుచేశారు.

ఈ ఆవిష్కరణ ఎంత లోతైనదో తెలియాలంటే అంతకుముందటి నమ్మకాన్ని గుర్తుచేసుకోవాలి. చక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండరాన్ని ముడిచే శక్తికి మూలమని అప్పటి పెద్దలు భావించేవారు. 1922 సంవత్సరానికి మయర్‌హాఫ్, హిల్‌లకు ఇచ్చిన నోబెల్ బహుమతి కండరపు శక్తి మీద జరిగిన పనికే వచ్చింది. 1930లో డెన్మార్కు శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషమిచ్చి ఆపిన కండరం కూడా కొంతసేపు పనిచేస్తుందని, ఆ సమయంలో ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోతుందని చూపారు. చక్కెర కండరాన్ని నేరుగా కదపదు. చక్కెర ఫాస్ఫేటు బంధాలను నిలబెడుతుంది, ఆ బంధాలు కండరాన్ని కదుపుతాయి. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఈ అవగాహనను జీవలోకమంతటికీ విస్తరించి చూపారు. సూక్ష్మక్రిమి నుంచి మర్రిచెట్టు దాకా, మిడత నుంచి మనిషి దాకా, శక్తి చేతులు మారేది ఏటీపీ ద్వారానే. జీవులన్నిటికీ ఉన్న బంధుత్వానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం కష్టం.

సంగటి ముద్ద ప్రయాణం

ఇప్పుడు పొలం నుంచి వచ్చిన కూలీ తిన్న సంగటి ముద్ద వెంట నడుద్దాం. ముద్దలోని పిండిపదార్థం జీర్ణమై గ్లూకోజుగా రక్తంలో చేరుతుంది. కణంలోకి వెళ్లిన ప్రతి గ్లూకోజు అణువూ మొదట పది మెట్లలో రెండుగా చీలి పైరువేటుగా మారుతుంది. దీనికి ఆక్సిజన్ అక్కరలేదు. మిగులు రెండు ఏటీపీలు. పరుగెత్తేవాడి కండరానికి, పులిసే పిండిలోని సూక్ష్మజీవికి అవసరమైనప్పుడు ఇదే ఆధారం.

ఆక్సిజన్ అందుతుంటే కథ మైటోకాండ్రియాలోకి మళ్లుతుంది. పైరువేటు అక్కడ రెండు కార్బన్ల ముక్కగా మారి, 1937లో హాన్స్ క్రెబ్స్ వివరించిన చక్రంలో తిరుగుతుంది. మనం విడిచే బొగ్గుపులుసు వాయువు ఇక్కడ పుట్టిందే. ఈ చక్రం పని ఆహారం నుంచి ఎలక్ట్రాన్లను పద్ధతిగా విడదీయడం. ఆ ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపొరలోని ప్రోటీన్ల వరుస గుండా ఒక్కో మెట్టూ దిగి చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. అక్కడ నీరు పుడుతుంది. మనం జీవితమంతా పీల్చే ఆక్సిజన్ దాదాపు అంతా ఈ చివరి మెట్టు దగ్గరే ఖర్చవుతుంది. ఈ వరుసలోని సైటోక్రోముల మధ్యలో ఇనుము ఉంది. ఆక్సిజన్‌ను మోసుకొచ్చే హిమోగ్లోబిన్‌లోనూ ఇనుమే ఉంది. రక్తహీనతతో బాధపడే తల్లి నాలుగు బిందెల నీళ్లు మోయగానే కూలబడిపోవడం కణశ్వాస కుంటుపడిన స్థితి. దాన్ని సోమరితనంగా చూసే హక్కు ఎవరికీ లేదు.

ఎలక్ట్రాన్లు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తి ఏమవుతుంది? బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో ఇచ్చిన సమాధానాన్ని చాలాకాలం ఎవరూ నమ్మలేదు. 1978లో దానికే నోబెల్ వచ్చింది. శ్రీశైలం దగ్గర కృష్ణమ్మను ఆనకట్ట వెనుక ఎత్తున నిలిపి, ఆ నీటిని టర్బైన్ల గుండా వదిలి విద్యుత్తు తీస్తున్నాం. మైటోకాండ్రియా కూడా ఎలక్ట్రాన్ల శక్తితో హైడ్రోజన్ అయాన్లను లోపొరకు ఒకవైపు ఎత్తిపోసి, అవి మళ్లీ దిగివచ్చే దారిలో ఒక ప్రోటీన్ చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం పేరు ఏటీపీ సింథేజ్. ఒక్కో చుట్టుకు మూడు ఏటీపీలు తయారవుతాయి. సెకనుకు వందకు పైగా చుట్లు అది తిరగగలదు. దాని పనితీరును పాల్ బాయర్, నిర్మాణాన్ని జాన్ వాకర్ వివరించి 1997లో నోబెల్ అందుకున్నారు. సుబ్బారావు గారు కన్నుమూసిన 1948లోనే ఈ క్రియకు వేదిక మైటోకాండ్రియా అని కెన్నెడీ, లెనింజర్‌ల ప్రయోగాలు తేల్చడం మొదలుపెట్టాయి. ఆయన అది చూడకుండానే వెళ్లిపోయారు.

మొత్తం మీద ఒక గ్లూకోజు అణువు నుంచి దాదాపు 30 ఏటీపీలు వస్తాయి. 180 గ్రాముల గ్లూకోజులో 686 కిలోకేలరీల శక్తి ఉంటే, అందులో మూడో వంతు నుంచి సగం దాకా ఏటీపీగా మారుతుంది, మిగిలింది ఒంటి వేడి అవుతుంది. ఇక్కడే నా ప్రతిపాదనకు మూలాధారం ఉంది. ఏ క్షణాన చూసినా మన ఒంట్లో ఉండే ఏటీపీ కొన్ని పదుల గ్రాములే. ఒక రోజులో మనం తయారుచేసి వాడేసేది మాత్రం మన బరువుతో పోల్చదగినంత. అంటే ప్రతి ఏటీపీ అణువూ రోజుకు వందల సార్లు విరిగి, మళ్లీ కట్టబడాలి. గట్టిగా పనిచేసే కండరంలో ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ మరికొన్ని సెకన్లు ఆదుకుంటుంది. ఆ తరువాత శ్వాసే దిక్కు. గొంతు నులిమితే ప్రాణం నిమిషాల్లో పోవడానికి కారణం ఇదే. కణం రేపటి కోసం ఏమీ దాచుకోలేదు.

ఒక పౌను ధాన్యం

ఇంత నిక్కచ్చిగా నడిచే లెక్కను తెలియక కొంత, తెలిసి కొంత తప్పిన చరిత్ర ఈ నేల మీద ఉంది. 1876లో వానలు లేవు. ఆ తెలుగు ఏటి పేరుతో ఆ కరువును ధాత కరువన్నారు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించే ఉద్దేశంతో కరువు పనుల కూలిని కుదించారు. మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నారు. మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా అడ్డుపడ్డారు. ఆ తిండితో రాళ్లు కొట్టించడం మనుషులను నెమ్మదిగా చంపడమేనని ఆయన వాదం. కొన్ని నెలల తరువాత గాని కూలి పెరగలేదు. ఈలోగా జరగవలసిన నష్టం జరిగింది. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా తన జనంలో దాదాపు నాలుగో వంతును కోల్పోయింది.

ఆ వివాదాన్ని నేటి విజ్ఞానంతో పరిశీలిద్దాం. ఒక పౌను అంటే 454 గ్రాములు. ఆ ధాన్యం ఇచ్చే శక్తి 1,600 కిలోకేలరీలకు మించదు. బక్కపలచని మనిషి కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు నడవడానికే దాదాపు 1,300 కావాలి. కఠిన శ్రమ చేసే పురుషుడికి రోజుకు దాదాపు 3,500 కిలోకేలరీలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. తేడా ఎక్కడి నుంచి వస్తుంది? కూలీ ఒంట్లోంచే వస్తుంది. కాలేయంలో దాచిన గ్లైకోజన్ ఒక రోజులో అయిపోతుంది. ఆ తరువాత కొవ్వు కరుగుతుంది. కొవ్వు నుంచి తయారైన కీటోన్లతో మెదడు సర్దుకుంటుంది. ముందే కొవ్వు లేని పేదవాడిలో కండరాలు కరగడం త్వరగా మొదలవుతుంది. ఛాతీ కండరాలు, గుండె కండరం కూడా అందుకు మినహాయింపు కావు. రోగం వచ్చి పడితే ఎదుర్కొనే కణాలకూ శక్తి ఉండదు. కరువులో చావు తరచుగా విరేచనాల పేరుతో, జ్వరం పేరుతో నమోదవుతుంది. లోపల జరిగింది మాత్రం శ్వాసక్రియకు ఇంధనం అయిపోవడమే.

టెంపుల్ మనిషిని పనిచేసే యంత్రంగా చూసి, ఆ యంత్రానికి కనీస ఇంధనమెంతో అడిగారు. కార్నిష్ ప్రాణిని చూశారు. కణశ్వాస ఇంకా అర్థంకాని కాలంలోనే ఒక వైద్యుడు దాని పక్షాన వాదించాడు. ప్రభుత్వాల కంటే ముందు ఈ సీమలో ఆ వాదాన్ని ఆచరణలో పెట్టినవారూ ఉన్నారు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేల మందికి రోజూ అన్నం పెట్టిన వైనాన్ని జనం పాటలు కట్టి పాడుకున్నారు. రోజూ అన్న ఆ మాటలోనే ఆయన గొప్పతనమంతా ఉంది.

పస్తులున్నవారికి అన్నం పెట్టడంలోనూ కణం ఒక నియమం విధిస్తుంది. చాలాకాలం ఆకలితో మాడిన మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పిండిపదార్థం పెడితే ప్రమాదం. రక్తంలో ఇన్సులిన్ పెరిగి, గ్లూకోజుతోపాటు ఫాస్ఫేటు కూడా కణాల్లోకి దూసుకుపోతుంది. రక్తంలో ఫాస్ఫేటు అడుగంటుతుంది. గుండె లయ తప్పుతుంది, ఊపిరి తీసే కండరాలు సడలుతాయి. రెండో ప్రపంచ యుద్ధం చివర నిర్బంధ శిబిరాల నుంచి విడుదలైనవారిలో వైద్యులు దీన్ని చూశారు. 1952 కరువులో రాయలసీమ అంతటా తెరిచిన గంజి కేంద్రాలు మన పెద్దలకు గుర్తే. పలుచని ఆహారంతో, కొద్దికొద్దిగా మొదలుపెట్టడమే క్షేమమని నేటి వైద్యం కూడా చెబుతోంది. ఆ రోగిని కాపాడాలంటే రక్తంలో ఫాస్ఫేటు కొలవాలి. ఆ కొలత నేర్పిన ఇద్దరిలో ఒకరు మన సుబ్బారావు గారు. ఆయన కృషికీ కరువు సీమకూ ఉన్న సంబంధం ఇంత సూటిది.

గింజకూ గింజకూ తేడా

శక్తి లెక్క సరిపోతే చాలదు. క్రెబ్స్ చక్రపు వాకిట్లో పైరువేటును లోపలికి పంపే ఎంజైముకు థయమిన్, అంటే బి1 విటమిన్, తప్పనిసరి. అది లేకపోతే కడుపునిండా అన్నం తిన్నా కణం దాన్ని పూర్తిగా వాడుకోలేదు. నరాలు, గుండె దెబ్బతింటాయి. అదే బెరిబెరి. మరబియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు ఈ వ్యాధి పాతుకుపోయి ఉండేది. తవుడుతోపాటే విటమిన్ పోయేది. జాతీయ పోషకాహార సంస్థకు మూలమైన పరిశోధనశాల 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపిన బెరిబెరి విచారణ విభాగమే. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది.

పొట్టు తీసినా తవుడు పొరను చాలావరకు నిలుపుకొనే కొర్రలు, ఆరికలు, సజ్జలు, రాగులు ఈ విషయంలో మెట్ట ప్రాంతానికి రక్ష. అలాగని మెట్ట ధాన్యాలను ఆకాశానికెత్తడం కూడా శాస్త్రం కాదు. దక్కనులో జొన్న తప్ప మరొకటి ఎరగని పేదల్లో పెల్లాగ్రా కనిపించింది. నియాసిన్ కొరత వల్ల వచ్చే ఆ వ్యాధిలో ఎలక్ట్రాన్లను మోసే ఎన్ఏడీ అనే సహాయక అణువు తయారీ దెబ్బతింటుంది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు ఇందులో పాత్ర ఉందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. జొన్నరొట్టెతో పప్పు, ఆకుకూర, చెనిక్కాయలు, మజ్జిగ కలిసినప్పుడు ఆ లోటు ఉండదు. రొట్టె ఒక్కటే మిగిలినప్పుడు ఉంటుంది. పేదరికం కంచాన్ని ఒకే వస్తువుకు కుదిస్తుంది. కణానికేమో ఎన్నో వస్తువులు కావాలి.

మొక్క వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. జొన్న, సజ్జ, కొర్ర, రాగి ఎండలో గాలిలోని కార్బన్‌ను పొదుపుగా పట్టే సీ4 జాతులు. వరి వంటి పైరు కాంతిశ్వాస రూపంలో పోగొట్టుకునే కార్బన్‌ను ఇవి దాదాపుగా పోనివ్వవు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య వి.ఎస్. రామదాస్ గారు, ఎ.ఎస్. రాఘవేంద్ర గారు ఇటువంటి మొక్కల మీద విలువైన పరిశోధన చేశారు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం సూర్యనంది వంటి మేలైన కొర్ర రకాలను ఇచ్చింది. రాత్రి ఉష్ణోగ్రతలు పెరిగే కొద్దీ పైరు తన శ్వాసలోనే ఎక్కువ ఆహారం ఖర్చుపెట్టి, గింజకు తక్కువ మిగులుస్తుంది. వేడెక్కుతున్న కాలంలో ఈ పరిశోధన స్థానాల పని మన ఆహారపు కొనసాగింపుకే సంబంధించింది.

ముగింపు

ఇంతసేపు చెప్పినదాన్ని కూడదీస్తే మూడు నిల్వలు కనిపిస్తాయి. కణానికి సెకన్లు. శరీరానికి రోజులు, వారాలు. సమాజానికి సంవత్సరాలు. మొదటి రెండింటి గడువును మార్చడం మన చేతిలో లేదు. మూడోది పూర్తిగా మన చేతిలో ఉంది. జొన్నల పాతర ఆ మూడో నిల్వకు పల్లె చేసుకున్న ఏర్పాటు. ధాత కరువు తరువాత 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషను, దాని వెంట వచ్చిన కరువు నియమావళులు రాజ్యం ఆ బాధ్యతను అయిష్టంగానైనా ఒప్పుకున్న గుర్తులు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. ఒకనాడు పౌను ధాన్యానికి రాళ్లు కొట్టించిన సీమలోనే, పని అడగడం పౌరుడి హక్కన్న చట్టం అమల్లోకి వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం ఆ దారిలో మరో అడుగు. పథకాల పేర్లు మారవచ్చు, ప్రభుత్వాలు మారవచ్చు. మనిషి ఒంట్లోని నిల్వ గడువు మారదు. ఏ సహాయాన్నయినా కొలవవలసిన గజం అదే. కూలి చేతికందడానికి పట్టిన వారాలను కూలీ ఒంట్లో కరిగిన కండతో కలిపి లెక్కించాలి.

ఈ సభలోని ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటి. కణశ్వాస సమీకరణాన్ని పిల్లలు పరీక్ష కోసం వల్లెవేస్తున్నారు. ఆ పాఠంలోకి ఫిస్కే, సుబ్బారావుల నీలిరంగును, ఏటీపీని వేరుచేసిన తెలుగువాడి పేరును తీసుకురండి. తమ ఊరి పాతరను, ధాత కరువును, మధ్యాహ్న భోజనంలోని ముద్దను అదే సమీకరణంలో చూపించండి. వైద్యులకు నా విన్నపం, నీరసమని వచ్చిన కూలీ తల్లిని ఇంధనం, ఇనుము, విటమిన్ అనే మూడు ప్రశ్నలు అడగకుండా పంపవద్దని. అధికారులకు నా విన్నపం, వాన తప్పిన ఏడు కరువు ప్రకటన కోసం ఆగకుండా గింజలు, కూలి, పిల్లల ఆహారం ముందే కదలాలని. కండ కరగడం మొదలయ్యాక చేసే సహాయం ఖరీదెక్కువ, ఫలితం తక్కువ.

హార్వర్డులో సుబ్బారావు గారికి శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలకు వెళ్లి, మిగిలిన ఎనిమిదేళ్లూ మందుల కోసం ధారపోశారు. తన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూ చికిత్సకు అక్కరకొచ్చిన ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ ఆయన బృందమే సాధించింది. ప్రాణం ఎలా నిలుస్తుందో అర్థం చేసుకున్న మనిషి, ఆ ప్రాణాన్ని నిలబెట్టే పనిలోనే ఆయుష్షు గడిపారు. తెలిసినదానికీ చేసేదానికీ మధ్య ఎడం లేకుండా బతికిన వ్యక్తిగా ఆయనను గౌరవించాలంటే, కణం గురించి మనకు తెలిసినదాన్ని మన జిల్లాల ఆకలి లెక్కలో చేర్చాలి. ఆ పని ఈ సీమ మొదలుపెట్టాలని కోరుతున్నాను.